రేకు పడవ టపటపలో దాగిన విద్య
తీర్థాల్లో కొనుక్కున్న ఆ బొమ్మది నూట ముప్పై ఏళ్ళకు పైబడిన చరిత్ర

మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్ళివచ్చిన పిల్లవాడి చేతిలో ఒకప్పుడు ఏదో ఒక రేకు బొమ్మ ఉండేది. చాలామందికి బూర, లేదా వేలితో నొక్కితే టిక్కు టిక్కుమనే రేకు కప్ప దక్కేది. తండ్రి జేబులో కాస్త డబ్బు ఉన్నప్పుడు మాత్రం రేకు పడవ ఇంటికి వచ్చేది.

ఆ పడవ అమ్మేవాడికి కేకలు వేయవలసిన పని ఉండేది కాదు. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, ఒక పడవలో చిన్న వత్తి వెలిగించి వదిలితే చాలు. అది టపటపటప మంటూ పళ్ళెం అంచు వెంట తిరుగుతూనే ఉండేది. చుట్టూ గుమిగూడినవారిలో పిల్లలకంటె పెద్దలే ఎక్కువ. తెడ్డు లేదు, చక్రం లేదు, తాళంచెవి తిప్పే స్ప్రింగు లేదు. బ్యాటరీ అంతకంటె లేదు. మరి పడవ ఎలా నడుస్తోంది? ఈ ప్రశ్న ఆ రోజుల్లో చాలామందికి కలిగింది. సరైన జవాబు చెప్పగలిగినవారు మాత్రం తక్కువ.

ఇప్పుడు తీర్థాల్లో ఈ పడవ అరుదుగా కనిపిస్తోంది. దాని స్థానంలో ప్లాస్టిక్ పడవలు వచ్చాయి. బొమ్మలు మారడం కొత్త సంగతి కాదు. కాని రేకు పడవతోపాటు పిల్లల చేతికి అందే ఒక మంచి పాఠం కూడా పోతున్నది. అదేమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

డబ్బీలో ఏముంది?

పడవను తిరగేసి చూస్తే దాని నిర్మాణం తెలుస్తుంది. మధ్యలో కప్పు కింద అగ్గిపెట్టెకంటె చిన్నదైన ఒక రేకు డబ్బీ ఉంటుంది. అదే బాయిలరు. దాని పైమూత చాలా పలుచని రేకు. డబ్బీ నుంచి రెండు సన్నని గొట్టాలు బయలుదేరి, పడవ అడుగుగుండా వెనక్కి వచ్చి నీళ్ళలో తెరుచుకుంటాయి. డబ్బీ కింద నూనె వత్తి పెట్టే చిన్న తట్ట ఉంటుంది. అంతే. కవాటం లేదు, పిస్టన్ లేదు, తిరిగే భాగం ఒక్కటీ లేదు.

నడిపే ముందు ఒక గొట్టంలోంచి నీళ్ళు పోస్తే రెండో గొట్టంలోంచి గాలి బయటికి పోయి డబ్బీ నిండుతుంది. రెండు గొట్టాలు పెట్టింది ముఖ్యంగా ఈ సౌకర్యం కోసమే. నిజానికి ఒక్క గొట్టంతోనూ పడవ నడుస్తుంది.

వత్తి వెలిగించాక డబ్బీలో కొద్ది నీరు ఆవిరి అవుతుంది. నీరు ఆవిరైతే ఎన్నో వందల రెట్లు చోటు కావాలి. ఆ ఆవిరి గొట్టాల్లో ఉన్న నీటిని వెనక్కి గెంటుతుంది. నీరు వెళ్ళే ఊపులో ఆవిరి కూడా గొట్టాల దాకా వ్యాపిస్తుంది. గొట్టాలు చల్లగా ఉంటాయి కనుక అక్కడ ఆవిరి తిరిగి నీటి బొట్లుగా మారుతుంది. దాంతో లోపల ఒత్తిడి తగ్గిపోయి బయటి నీరు గొట్టాల్లోకి దూసుకువస్తుంది. అందులో కొంత వేడి డబ్బీని తాకి మళ్ళీ ఆవిరి అవుతుంది. ఇలా క్షణానికి కొన్నిసార్లు జరుగుతూనే ఉంటుంది. ఆవిరి నొక్కినప్పుడు పైమూత ఉబ్బుతుంది, ఒత్తిడి తగ్గినప్పుడు లోపలికి లొట్టపడుతుంది. ఆ చప్పుడే టపటప. రేకు కప్పలో బొటనవేలు చేసే పనిని ఇక్కడ ఆవిరి చేస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది

ఇంతవరకు విన్న తెలివైన పిల్లవాడెవడైనా ఒక ప్రశ్న వేస్తాడు. పడవ గొట్టంలోంచి నీటిని వెనక్కి గెంటినప్పుడు ముందుకు పోతుంది, బాగానే ఉంది. అదే గొట్టంతో అంతే నీటిని మళ్ళీ లోపలికి పీల్చుకున్నప్పుడు అంత దూరమూ వెనక్కి రావాలి కదా? అలాగైతే పడవ ఉన్నచోటే ఊగాలి. ముందుకెందుకు పోతోంది?

దీనికి జవాబు తెలుసుకోవడానికి పుస్తకం అక్కరలేదు, దీపం చాలు. వెలుగుతున్న దీపానికి మూరెడు దూరంలో నిలబడి నోటితో ఊదండి. జ్వాల వంగుతుంది, గట్టిగా ఊదితే ఆరిపోతుంది. అదే దూరం నుంచి, అదే నోటితో గాలిని లోపలికి పీల్చండి. ఎంత బలంగా పీల్చినా జ్వాల కదలదు. ఊదినప్పుడు గాలి ఒక్క దిక్కుగా బాణంలా వెళ్తుంది. పీల్చినప్పుడు నోటికి ముందునుంచీ, పక్కలనుంచీ, పైనుంచీ, కిందనుంచీ అన్ని వైపుల గాలీ కొద్దికొద్దిగా వచ్చి చేరుతుంది.

పడవ గొట్టంలోనూ జరిగేది ఇదే. బయటికి పోయే నీరు సూటిగా వెనక్కి పోతుంది, ఆ ఊపును తనతో తీసుకుపోతుంది. లోపలికి వచ్చే నీరు చుట్టుపక్కల నుంచి చేరుతుంది. పైగా పీల్చుకునేటప్పుడు పడవను వెనక్కి లాగే బలం కొంత ఉన్నా, లోపలికి దూసుకొచ్చిన నీరు డబ్బీలో ఆగిపోతూ పడవను తిరిగి ముందుకు నెట్టి దాన్ని సరిపెడుతుంది. కడపట లెక్క చూస్తే వెనక్కి గెంటిన నీటి ప్రతిఫలమే మిగులుతుంది. అందుకే పడవ ముందుకు పోతుంది.

చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుందని న్యూటన్ 1687లో ప్రకటించిన సూత్రాన్ని మన పిల్లలు బడిలో కంఠస్థం చేస్తారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. కాని ఆ సూత్రం పనిచేస్తుండగా కళ్ళతో చూసినవారు ఎందరు?

గోదావరి పడవలకు ఇది కొత్త కాదు

ఈ సూత్రం మన కాలువల మీద పూర్వంనుంచీ ఉన్నదే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా కాలువల్లో సరుకు పడవలు విరివిగా తిరిగాయి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే తాడు కట్టి గట్టుమీద నడుస్తూ లాగేవారు. లోతు తక్కువైన చోట గెడ వేసేవారు.

గెడ వేసేవాడు కాలువ అడుగు నేలను వెనక్కి నెడతాడు, పడవ ముందుకు పోతుంది. తెడ్డు వేసేవాడు నీటిని వెనక్కి నెడతాడు. మర పడవ అడుగున తిరిగే ప్రొపెల్లరు చేసేది కూడా ఆ పనే. పడవ ముందుకు పోవాలంటే దేన్నో ఒకదాన్ని వెనక్కి నెట్టాలి. రేకు పడవ తన గొట్టంలోని నీటినే నెడుతుంది. దీన్నే పెద్ద యంత్రాల భాషలో వాటర్ జెట్ అంటారు.

బొమ్మను కనిపెట్టినవారు

ఈ బొమ్మకు మొదటి పేటెంటు కోరినవాడు థామస్ పియో అనే ఫ్రెంచివాడు. 1891లో ఇంగ్లండులో దరఖాస్తు చేశాడు. అందులో చిన్న బాయిలరు, రెండు గొట్టాలు ఉన్నాయి. తర్వాత 1915లో అమెరికాకు చెందిన చార్లెస్ మెక్‌హ్యూ పలుచని పైమూత ఉన్న బాయిలరుకు దరఖాస్తు పెట్టాడు. మనం విన్న పెద్ద చప్పుడు ఆ పైమూత పుణ్యమే. 1920లో విలియం పర్సెల్ అసలు డబ్బీయే లేకుండా, చుట్టలుగా చుట్టిన ఒకే గొట్టంతో నడిచే పద్ధతికి పేటెంటు కోరాడు. ఇంట్లో చేసుకునేవారికి నేటికీ అదే సులువు.

1940, 50 దశకాల్లో ఈ పడవలు అనేక దేశాల్లో బాగా అమ్ముడుపోయాయి. ఎక్కడికి వెళ్ళినా దాని చప్పుడును బట్టే పేరు పెట్టారు. ఇంగ్లీషువారు పాప్ పాప్ అన్నారు. జపానువారు పొన్‌పొన్ అన్నారు. హిందీ ప్రాంతాల్లో ఫట్‌ఫట్. మనకు టపటప. ప్లాస్టిక్ వచ్చాక అన్ని దేశాల్లోనూ రేకు బొమ్మల బజారు పడిపోయింది. అయినా ఆ పడవ పూర్తిగా మాయం కాలేదు. మన దేశంలో ఇప్పటికీ అక్కడక్కడా తయారవుతూనే ఉంది. 2008లో జపాను దర్శకుడు మియజాకి తీసిన పోన్యో అనే బొమ్మల సినిమాలో ఇద్దరు పిల్లలు ఇటువంటి పడవ ఎక్కి, కొవ్వొత్తి వెలిగించుకుని ప్రయాణం చేస్తారు.

పడవలో పంపుసెట్టు

బొమ్మ సంగతి సరే, మనుషులు ఎక్కే పడవ నీటిని చిమ్ముకుంటూ నడవగలదా అనే ఆలోచన ఇంకా పాతది. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు డేనియల్ బెర్నూలీ 1738లోనే తన గ్రంథంలో దీన్ని ప్రస్తావించాడు. అమెరికాలో జేమ్స్ రమ్సే అనే ఆయన 1787 డిసెంబరు 3న పొటోమాక్ నదిలో జనం చూస్తుండగా నడిపి చూపించాడు. ఆవిరి యంత్రంతో పంపు ఆడించి, నీటిని లోపలికి తీసుకుని వెనకనుంచి చిమ్మాడు. పడవ ఏటికి ఎదురు నడిచింది. అయితే దాని వేగం మనిషి నడకకు మించలేదు. రమ్సే 1792లో చనిపోయాడు. తర్వాత చాలాకాలం ప్రొపెల్లరుదే రాజ్యం.

వాటర్ జెట్‌కు మళ్ళీ ప్రాణం పోసింది ఒక గొర్రెల రైతు. న్యూజిలాండు దక్షిణ ద్వీపంలో బిల్ హామిల్టన్‌కు పెద్ద క్షేత్రం ఉండేది. అక్కడి నదులు వడిగా పారతాయి, లోతు ఉండదు, అడుగంతా గులకరాళ్ళు. ప్రొపెల్లరు ఉన్న పడవ వేస్తే రెక్కలు రాళ్ళకు తగిలి విరిగిపోతాయి. ఆ నదుల్లో తిరగడానికి ఆయన 1950 దశకంలో పడవలోనే పంపు బిగించాడు.

ఇది మన రైతులకు చెప్పనక్కరలేని యంత్రం. చేలో ఆయిలింజను, దానికి పంపు, పీల్చే గొట్టం చివర చెత్త రాకుండా జల్లెడ ఉన్న ఫుట్‌వాల్వు, పంపులోపల గిర్రున తిరిగే ఇంపెల్లరు, అవతల నీళ్ళు పోసే గొట్టం. జెట్ పడవలో ఉన్నవీ దాదాపు ఇవే. పడవ అడుగున జల్లెడ ఉన్న బెజ్జం నుంచి నీరు లోపలికి వస్తుంది. ఇంపెల్లరు దాన్ని వేగంగా తోస్తుంది. వెనక సన్నబడిన మూతి నుంచి ధారగా చిమ్ముతుంది. పంపు ఆడుతుండగా రబ్బరు గొట్టం చేతిలోంచి జారితే అది గట్టుమీద పాములా మెలికలు తిరగడం చూసే ఉంటారు. నీరు ఒక వైపు దూకుతుంటే గొట్టం రెండో వైపు తన్నుతుంది. జెట్ పడవను నడిపేది ఆ తన్నే.

హామిల్టన్ మొదట మూతిని నీటి అడుగున పెట్టాడు. వేగం రాలేదు. తర్వాత దాన్ని నీటి మట్టానికి కొంచెం పైకి, పడవ వెనక చెక్కకు మార్చి, ధారను గాలిలోకి చిమ్మించాడు. వేగం బాగా పెరిగింది. ధార వెనక ఉన్న నీటిని తోస్తేనే పడవ కదులుతుందనుకునేవారికి ఇది పాఠం. పడవను నెట్టేది ధారకు ఎదురుపడిన నీరు కాదు, ధారను చిమ్మడమే. ఈ పడవకు చుక్కాని కూడా అవసరం లేదు. మూతిని ఎటు తిప్పితే పడవ అటు తిరుగుతుంది. మూతికి అడ్డంగా డొప్పలాంటి తలుపు దింపితే ధార ముందుకు మళ్ళి పడవ వెనక్కి వస్తుంది.

లోపం లేని యంత్రం లేదు. నీటిలో చెత్త ఎక్కువైతే జల్లెడకు పట్టుకుని పంపు ఊపిరాడక ఆగుతుంది. గుర్రపుడెక్క నిండిన మన పంట కాలువలో ఇటువంటి పడవ వేస్తే బెజ్జం దగ్గర చెత్త తీయడానికే ఒక మనిషి కావాలి. నెమ్మదిగా పోయే బరువు పడవకు నేటికీ ప్రొపెల్లరే మేలు. తక్కువ లోతులో వేగంగా పోవలసినచోట, నీటిలో మనుషులున్నచోట జెట్‌కు తిరుగులేదు. బయట తిరిగే రెక్కలు లేవు కనుక మనిషిని కోసే ప్రమాదం ఉండదు. వరదల్లో చిక్కుకున్నవారి దగ్గరకు వెళ్ళే పడవకు ఇది చిన్న గుణం కాదు.

గంగకు ఎదురీదిన పడవలు

హామిల్టన్ పడవలు 1960లో అమెరికాలోని కొలరాడో నదిలో గ్రాండ్ కాన్యన్ లోయగుండా ఏటికి ఎదురెక్కాయి. మన దేశానికి సంబంధించిన కథ 1977 నాటిది. 1953లో టెన్సింగ్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ ఆ సంవత్సరం మూడు జెట్ పడవలతో గంగాసాగరం దగ్గర బయలుదేరాడు. సముద్రం నుంచి గంగకు ఎదురుగా కాశీ దాటి, హరిద్వారం దాటి, హిమాలయాల్లోకి చొచ్చుకుపోయాడు. ఒక పడవను నడిపింది హామిల్టన్ కొడుకు జాన్. నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డువచ్చేదాకా పడవలు ఆగలేదు. అక్కడినుంచి వారు కాలినడకన సాగారు. హామిల్టన్ మరుసటి ఏడాది, 1978లో కన్నుమూశాడు.

తీర్థంలో పళ్ళెం చుట్టూ తిరిగిన పడవకూ, గంగ వడికి ఎదురెక్కిన పడవకూ యంత్రంలో పోలిక లేదు. మొదటిదానికి ఆవిరి, రెండోదానికి పెట్రోలు ఇంజను, పంపు. సూత్రం మాత్రం ఒక్కటే.

చిన్న పడవలు చేసే సరదా

ఈ రెంటికీ మధ్య మరో లోకం ఉంది. అసలు పడవను చూసి మూరెడు, రెండు మూరల నమూనా పడవ చేసి చెరువులో నడిపే సరదా బ్రిటన్, జర్మనీ, అమెరికా దేశాల్లో చాలామందికి ఉంది. మొదట్లో గడియారం స్ప్రింగులు, బుల్లి ఆవిరి యంత్రాలు వాడేవారు. 1940 దశకంలో బొటనవేలంత డీజిలింజన్లు, వాటి వెంటనే గ్లో ప్లగ్ ఇంజన్లు వచ్చాయి. జెట్ పడవలకు పేరు వచ్చాక వాటి నమూనాలకూ బుల్లి పంపులు తయారయ్యాయి. పంపులో వచ్చే నీటినే కొంత మళ్ళించి ఇంజను చుట్టూ తిప్పితే అది చల్లబడుతుంది కూడా. ఇవాళ ఆ పాత ఇంజన్లనూ పంపులనూ వెతికి కొనేవారు, తుప్పు వదిలించి మళ్ళీ ఆడించేవారు ఆ దేశాల్లో ఉన్నారు. అవి విప్పగలిగే వస్తువులు కావడమే అందుకు కారణం. మరలు ఊడదీయవచ్చు, అరిగిన ముక్క చేసి వేయవచ్చు.

రేకు పడవదీ అదే గుణం. ఈ వ్యాసకర్త చిన్నతనంలో కొన్న పడవను ఇంటి తొట్టిలో కాక, వద్దన్నా వినకుండా కాలువలో వదిలాడు. గట్టు పక్క అల తగిలి పడవ ఒరిగింది. గొట్టాలు నీళ్ళపైకి లేచాయి, డబ్బీ ఎండిపోయింది, వత్తి మాత్రం ఆరలేదు. అతుకు కరిగి డబ్బీ ఊడింది, పడవ మునిగింది. ఏడుస్తూ దాన్ని తీసి ఊళ్ళో రేకు పనివాడి దగ్గరకు తీసుకుపోతే, ఆయన మట్టు వేసి మళ్ళీ నడిచేలా చేశాడు. గొట్టం మూతులు నీళ్ళలో ఉండాలనే సంగతి ఆ రోజు నేర్చుకున్నది ఇప్పటికీ మరవలేదు. ఆగిపోయిన ప్లాస్టిక్ పడవ పిల్లవాడికి ఏమి నేర్పుతుంది? పారేయడం నేర్పుతుంది.

ఇంట్లో చేయవచ్చు

కొనడానికి దొరకకపోతే చేసుకోవడం కష్టం కాదు. తీసిపారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడం దేశమంతటా పిల్లలకు నేర్పిన అరవింద్ గుప్తాకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చూపించిన బొమ్మల్లో ఈ పడవ కూడా ఉంది.

చుట్ట పద్ధతి ఇలా. ఫ్రిజ్ బాగుచేసేవారి దగ్గర లోపల రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న మెత్తని రాగి గొట్టం మూరెడు తీసుకోవాలి. వంచేటప్పుడు నొక్కుకుపోకుండా అందులో సన్నని పొడి ఇసుక నింపాలి. మధ్యభాగాన్ని పెన్సిలు చుట్టూ రెండు మూడు చుట్లు చుట్టి, ఇసుక పూర్తిగా దులిపేయాలి. జానెడు తేలికపాటి చెక్కను పడవలా చెక్కి, చుట్టను పైన నిలిపి, రెండు కొసలనూ చెక్క వెనకకు తెచ్చి నీళ్ళలో మునిగేలా, వెనక్కి చూసేలా వంచాలి. చుట్ట కింద చిన్న కొవ్వొత్తి. సూదిలేని సిరంజితో గొట్టం నిండా నీళ్ళు ఎక్కించి, కొసలు వేలితో మూసి తొట్టిలో పెట్టి, వేలు తీసి వెలిగించాలి. కాసేపట్లో పడవ వణికి కదులుతుంది. పైమూత లేదు కనుక చప్పుడు తక్కువ.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. పెద్దవారు పక్కన లేకుండా పిల్లలు వెలిగించరాదు. గొట్టం కొసలు ఎన్నడూ బిగించి మూయరాదు, ఆవిరికి దారి లేకపోతే పేలుతుంది. ఆరిన తర్వాత కూడా చుట్ట కాలుతూనే ఉంటుంది. పాత రేకు పడవల అతుకుల్లో, రంగుల్లో సీసం ఉండవచ్చు కనుక వాటిని నోటితో ఊదడం, పీల్చడం కూడదు.

బడిలో న్యూటను సూత్రం చెప్పే మాస్టారు ఒక పళ్ళెం, ఒక పడవ, ఒక దీపం బల్లమీద పెడితే పాఠం మొదలుపెట్టకముందే పిల్లలు ప్రశ్నలు వేస్తారు. ఇళ్ళలో అటకమీద పాత రేకు పడవ ఎక్కడైనా మిగిలివుంటే ఈ సెలవుల్లో దింపి తుడవండి. అతుకు విడిపోయి ఉంటే మట్టు వేయించండి. తొట్టిలో వదిలి మనవడిని పిలవండి. పీల్చినప్పుడు వెనక్కి ఎందుకు రాలేదని వాడే అడుగుతాడు. అప్పుడు దీపం వెలిగించి, ముందు ఊదమనండి, తర్వాత పీల్చమనండి.